పంపిన ఫైలుకు చీటీ ఏది?

ప్రతి ఏడూ మన సమాఖ్య నివేదికలో లెక్కల పట్టికలకు ముందు ఒక చరిత్ర వ్యాసం వేసుకుంటున్నాం. ఒక ఏడు సారా వ్యతిరేక ఉద్యమం గురించి రాసుకున్నాం. ఇంకో ఏడు పొదుపు సంఘాలు ఎట్లా పుట్టాయో రాసుకున్నాం. ఈసారి ఇంటి కంప్యూటర్ నుంచి ఇంటర్నెట్‌లోకి ఫైళ్లు ఎక్కించడం గురించి రాస్తున్నాం. "ఇది మాకెందుకమ్మా, ఆ పని చేసేవాళ్లు చూసుకుంటారు గదా" అని కొందరు అక్కలు అన్నారు. ఎందుకో ముందు చెప్తాం.

మన సంఘాల్లో ఒకదాంట్లో 11 మంది సభ్యులు. పుస్తకాలు రాసే చెల్లెలు తన ఇంట్లో, కొడుకు చదువుకు కొన్న కంప్యూటర్ మీదే సంఘం పని కూడా చేస్తుంది. వడ్డీ రాయితీకి పంపాల్సిన వివరాలన్నీ ఫైలు కట్టింది. చివరి తేదీ రాత్రి పది గంటలకు ఎక్కించడం మొదలుపెట్టింది. తెర మీద గీత నూటికి 97 దాకా వచ్చింది, కరెంటు పోయింది. 97 వంతులు పోయాయంటే పోయినట్టే గదా అనుకుని పడుకుంది. మర్నాడు సమావేశంలో "ఎక్కించేశాను" అని చెప్పింది. మేమూ తీర్మానం పుస్తకంలో అట్లాగే రాసుకున్నాం.

నాలుగు నెలల తర్వాత జాబితా వచ్చింది. అందులో ఆ సంఘం పేరు లేదు. అడిగితే "మీ ఫైలు మాకు రాలేదు" అన్నారు. ఆ డబ్బు వస్తుందన్న ధైర్యంతో ఒక సభ్యురాలు విత్తనాలకు బయట మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఉంది. ఆ సమావేశంలో అందరూ పుస్తకాలు రాసే చెల్లెలి మీద పడ్డారు. అప్పుడు వేలిముద్ర వేసే ఒక పెద్దమ్మ అడిగింది: "బ్యాంకులో వంద రూపాయలు కట్టినా చీటీ ఇస్తారు. నువ్వు పంపినదానికి చీటీ ఏదమ్మా?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. తప్పు ఒక్క మనిషిది కాదని, మనందరికీ తెలియని సంగతి ఏదో ఇందులో ఉందని అప్పుడు అర్థమైంది. తెలిసినవాళ్లను అడిగి, చదివించుకుని తెలుసుకున్నాం. తెలుసుకున్న కొద్దీ ఆశ్చర్యం వేసింది. ఇంటర్నెట్ కట్టినవాళ్లు మొదటి రోజు నుంచీ కుస్తీ పట్టింది పెద్దమ్మ అడిగిన ఆ ప్రశ్నతోనే.

మొదటి రాత్రి, రెండు అక్షరాలు

1969 అక్టోబర్ 29 రాత్రి అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో ఒక విశ్వవిద్యాలయం కంప్యూటర్ నుంచి, కొన్ని వందల కిలోమీటర్ల దూరంలో మెన్లో పార్క్ అనే ఊళ్లో ఉన్న ఒక పరిశోధన సంస్థ కంప్యూటర్‌కు మొదటి మాట పంపారు. ఆ వలకు ఆర్పానెట్ అని పేరు. నేటి ఇంటర్నెట్‌కు అదే మొదలు.

పంపాలనుకున్నది 'లాగిన్' అనే మాట. ఇంగ్లీషులో అయిదు అక్షరాలు. చార్లీ క్లైన్ అనే విద్యార్థి ఇక్కడ టైపు చేస్తున్నాడు. అటువైపు మనిషితో టెలిఫోన్లో కూడా మాట్లాడుతున్నాడు. మొదటి అక్షరం కొట్టి, వచ్చిందా అని అడిగాడు. వచ్చిందన్నారు. రెండోది కొట్టి, వచ్చిందా అని అడిగాడు. వచ్చిందన్నారు. మూడో అక్షరానికి అవతలి యంత్రం కుప్పకూలింది. దాన్ని బాగుచేసుకుని మళ్లీ మొదలుపెట్టారు.

ఇందులో మనం చూడాల్సింది ఒకటుంది. అంత చదువుకున్నవాళ్లు కూడా కొట్టిన అక్షరం దానంతట అదే చేరిపోతుందని నమ్మలేదు. ఒక్కొక్క అక్షరానికీ ఫోన్లో అడిగి తెలుసుకున్నారు. పంపడం వేరు, చేరడం వేరు అని వాళ్లకు ఆ రాత్రే తెలుసు.

ఫైలు పంపే పద్ధతి రాసిన మన దేశస్థుడు

అక్షరాలు పోతే సరిపోదు. ఒక పుస్తకమంత సమాచారం ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పోవాలి. ఆ రోజుల్లో ఒక్కో కంప్యూటర్‌ది ఒక్కో తీరు. ఫైలుకు పేరు పెట్టే పద్ధతి వేరు, దాచే పద్ధతి వేరు. ఒక సంఘం పుస్తకం ఇంకో సంఘానికి అర్థం కానట్టు ఉండేది.

దీనికి అందరూ ఒప్పుకునే ఒక పద్ధతి రాసిన మనిషి పేరు అభయ్ భూషణ్. కాన్పూర్ ఐఐటీ మొదటి బ్యాచిలో చదివి అమెరికాలోని ఎంఐటీకి వెళ్లాడు. 1971 ఏప్రిల్ 16 తేదీతో ఆయన రాసిన పత్రమే ఫైల్ ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్‌కు మొదలు. పొట్టిగా ఎఫ్‌టీపీ అంటారు. పంపేవాళ్లు ముందు తామెవరో చెప్పాలి, పాస్‌వర్డ్ ఇవ్వాలి, ఏ ఫైలు పంపుతున్నారో చెప్పాలి, తర్వాతే ఫైలు కదలాలి. అప్పగించడం, తెచ్చుకోవడం రెండింటికీ వేరువేరు ఆజ్ఞలు.

ఈ పద్ధతిని తర్వాత చాలామంది సవరించారు. 1985లో దానికి స్థిరమైన రూపం ఇచ్చిన పత్రం రాసినవాళ్లు ఇద్దరు: జాన్ పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్. జాయిస్ రేనాల్డ్స్ స్త్రీ. అంతకు ముందే మెన్లో పార్క్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆమె ఆధ్వర్యంలో ఆ వలలో ఉన్న కంప్యూటర్లన్నిటి పేర్ల చిట్టా నడిచేది. కొత్త కంప్యూటర్ చేరాలంటే వాళ్ల దగ్గర పేరు రాయించుకోవాల్సిందే. ఇంటర్నెట్‌కు తొలి రోజుల్లో సభ్యత్వ రిజిస్టరు రాసింది కూడా ఒక ఆడమనిషేనని తెలిసినప్పుడు మన బుక్‌కీపర్లందరికీ సంతోషం కలిగింది.

ఆ పద్ధతిలో పెద్దమ్మ అడిగిన చీటీ ఉంది. ఫైలు అందుకున్న కంప్యూటర్ మూడు అంకెల సంఖ్య ఒకటి తిరిగి పంపుతుంది. పని మొదలవుతుంటే 150. పేరూ పాస్‌వర్డూ ఒప్పుకోకపోతే 530. మొత్తం పని సవ్యంగా ముగిస్తే 226. ఆ 226 రానంతవరకు పంపినవాళ్లు పంపామని అనుకోకూడదు. మన చెల్లెలికి 97 కనిపించిందే గాని, ఇట్లాంటి జవాబు ఏదీ రాలేదు.

ఇంటి టెలిఫోను తీగ మీద

అప్పటిదాకా ఇదంతా విశ్వవిద్యాలయాల్లో, మిలిటరీ ఆఫీసుల్లో జరిగింది. ఇళ్లల్లోకి కంప్యూటర్ వచ్చింది 1970ల చివర. ఇంటికి ఉన్న తీగ ఒక్కటే, టెలిఫోను తీగ. అది మాట కోసం వేసిన తీగ. కంప్యూటర్‌కు తెలిసింది సున్నాలు, ఒకట్లు. ఆ సున్నాలను, ఒకట్లను కూతలుగా మార్చి తీగ మీద పంపి, అవతల ఆ కూతలను మళ్లీ అంకెలు చేసే పెట్టెను మోడెం అంటారు. ఒక్కో సున్నాను, ఒక్కో ఒకటిని ఒక బిట్ అంటారు. తొలి ఇంటి మోడెంలు సెకనుకు 300 బిట్లు పంపేవి.

తీగలో గరగరమని శబ్దం వస్తే అంకెలు మారిపోయేవి. మాట్లాడేటప్పుడు గరగర వస్తే "ఏమన్నావు, మళ్లీ చెప్పు" అంటాం. కంప్యూటర్ అట్లా ఎట్లా అడగాలి? దానికి దారి చూపినవాడు షికాగోలో ఉండే వార్డ్ క్రిస్టెన్సెన్. 1977లో ఆయన ఒక ప్రోగ్రాం రాశాడు. ఆ పద్ధతికి ఎక్స్‌మోడెం అని పేరు వచ్చింది.

అది ఎట్లా పనిచేస్తుందో వింటే మన పొదుపు పుస్తకమే గుర్తొస్తుంది. ఫైలును 128 అక్షరాల చొప్పున చిన్న ముక్కలు చేస్తారు. ప్రతి ముక్కకూ వరస నంబరు వేస్తారు. ఆ ముక్కలోని అంకెలన్నీ కూడి, ఆ కూడిక చివర రాస్తారు. అందుకున్న యంత్రం తనూ కూడి చూస్తుంది. రెండు కూడికలూ సరిపోతే "సరే" అని ఒక గుర్తు పంపుతుంది. సరిపోకపోతే "కాదు" అని ఇంకో గుర్తు పంపుతుంది. "కాదు" అంటే అదే ముక్క మళ్లీ పంపాలి. "సరే" అని రాకుండా తర్వాతి ముక్కకు పోకూడదు. పేజీ కింద కూడిక తాళా కాకుండా తర్వాతి పేజీకి పోవద్దని మనం బుక్‌కీపర్లకు నేర్పేది ఇదే గదా. క్రిస్టెన్సెన్ ఆ ప్రోగ్రాంను అమ్ముకోలేదు. ఎవరైనా వాడుకోవచ్చని ఉచితంగా ఇచ్చేశాడు. అందుకే అది ఊరూరా పాకింది.

మరుసటి ఏడు, 1978లో, ఆయనే రాండీ సూస్ అనే స్నేహితుడితో కలిసి ఒక కంప్యూటర్‌ను టెలిఫోనుకు తగిలించి, ఎవరైనా ఫోను చేసి సందేశం పెట్టిపోయే నోటీసు బోర్డు లాంటిది నడిపాడు. అట్లాంటివి తర్వాత వేలల్లో పుట్టాయి. చాలావాటిని మామూలు మనుషులే తమ ఇళ్లల్లో నడిపారు. జనం అక్కడ ఫైళ్లు ఎక్కించేవాళ్లు, దించుకునేవాళ్లు. కొందరు దించుకోవడమే గాని ఎక్కించేవాళ్లు కాదు. అందుకని చాలాచోట్ల ఒక కట్టుబాటు పెట్టారు. ముందు నీ వంతు ఫైలు ఎక్కించు, ఆ లెక్క ప్రకారమే నువ్వు దించుకోవచ్చు. ముందు పొదుపు, తర్వాత అప్పు. ఎక్కడో అమెరికాలో మనలాగే ఆలోచించారు.

ఇంకో కష్టం ఉండేది. సగం ఫైలు పోయాక ఇంట్లో ఎవరో టెలిఫోను ఎత్తితే లైను తెగేది. మళ్లీ మొదటి నుంచి పంపాలి. 1986లో చక్ ఫోర్స్‌బర్గ్ అనే ఆయన జడ్‌మోడెం అనే పద్ధతి తెచ్చాడు. అందులో తెగిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఇప్పటికీ అన్ని చోట్లా ఈ సౌకర్యం ఉండదు. లేనిచోట నూటికి 97 పోయినా అవతల మిగిలేది సున్నా. సగం ఫైలును యంత్రం పారేస్తుంది. మన సంఘానికి జరిగింది ఇదే.

తీసుకునే దారి వెడల్పు, ఇచ్చే దారి ఇరుకు

మన చెల్లెలు అడిగింది: "సినిమా ఇట్టే వచ్చేస్తుంది. నా పది కాగితాల ఫైలు పోవడానికి అంతసేపు ఎందుకు?" మంచి ప్రశ్న. దీనికి జవాబు కూడా చరిత్రలోనే ఉంది.

ఒక మెగాబైట్ ఫైలు అంటే సుమారు 80 లక్షల బిట్లు. సెకనుకు 300 బిట్లు పంపే తొలి మోడెం మీద అది పోవడానికి ఏడు గంటలకు పైగా పడుతుంది. 1998లో వచ్చిన మోడెం పద్ధతిలో ఇంటికి వచ్చే దారిలో సెకనుకు 56,000 బిట్లు రావచ్చు. ఇంటి నుంచి పోయే దారిలో 33,600 బిట్లే. అంటే అదే ఫైలు రావడానికి రెండున్నర నిమిషాలు, పోవడానికి నాలుగు నిమిషాలు. తర్వాత అదే టెలిఫోను తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. దాని తొలి ప్రమాణంలో వచ్చే దారి గరిష్ఠం సెకనుకు 80 లక్షల బిట్ల దాకా, పోయే దారి సుమారు 10 లక్షలు. రావడానికి ఒక సెకను, పోవడానికి ఎనిమిది. ఇది కాగితం మీద లెక్క. నిజంలో ఇంకా తక్కువే వస్తుంది.

దీనికి తీగల్లో ఒకదాని సంకేతం ఇంకోదానికి అడ్డురాకుండా చూడడం లాంటి సాంకేతిక కారణాలున్నాయి. దాంతోపాటు ఒక ఊహ కూడా ఉంది. ఇళ్లల్లో ఉండేవాళ్లు చూసేవాళ్లు, వినేవాళ్లు, తీసుకునేవాళ్లు. వాళ్ల దగ్గర పైకి పంపడానికి పెద్దగా ఏముంటుంది అనే ఊహ. ఆ పంపకమే బ్రాడ్‌బ్యాండ్ పేరులో కూడా ఉంది. ఏడీఎస్ఎల్ అనే పేరులో మొదటి అక్షరానికి అర్థం 'సమానం కాని' అని.

ఆ ఊహ తప్పని జనం చూపించారు. 2005 ఏప్రిల్ 23న యూట్యూబ్‌లో ఎక్కిన మొట్టమొదటి వీడియో 19 సెకన్లే. జూలో ఏనుగుల ముందు నిలబడి ఒక యువకుడు మాట్లాడిన నాలుగు మాటలు. తర్వాత లోకమంతా ఎక్కించడం మొదలుపెట్టింది. మన దగ్గర కూడా, ఇంటర్నెట్ కాకపోయినా, ఇట్లాంటి కథ ఉంది. జహీరాబాద్ ప్రాంతంలోని మాచునూరులో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల అక్కలు 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలుపెట్టారు. నడిపేది పల్లెటూరి దళిత స్త్రీలు. విత్తనాల గురించి, పంటల గురించి వాళ్ల మాటే వాళ్లు పంపారు. చెప్పడానికి తమ దగ్గర ఏముందో వాళ్లకు తెలుసు. ఇప్పుడు ఫైబర్ తీగ వచ్చిన చోట రెండు దారులూ సమానంగా ఇవ్వడం కుదురుతుంది. కనెక్షన్ తీసుకునేటప్పుడు 'పోయే వేగం ఎంత' అని కూడా అడగాలి. మనం వచ్చే వేగమే అడుగుతున్నాం.

మన దేశంలో, మన అక్షరాల్లో

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ దాన్ని పెద్ద నగరాల్లో మొదలుపెట్టింది. అదే ఏడు నవంబర్‌లో ఇంకో పత్రం వెలువడింది. అప్పటిదాకా ఫైలు పంపాలంటే ఆజ్ఞలు నేర్చుకోవాలి. వెబ్ పేజీలోనే ఒక బొత్తాం నొక్కి ఫైలు ఎంచుకుని పంపవచ్చని ఆ పత్రం చెప్పింది. రాసినవాళ్లు జిరాక్స్ కంపెనీ ఉద్యోగులు ఇద్దరు. ఇవాళ మనం సంఘం ఫొటో పెట్టినా, ఆధార్ కాగితం జతచేసినా నొక్కే 'ఫైలు ఎంచుకోండి' బొత్తాం అక్కడిదే.

తెలుగు రాతకు వేరే చిక్కు ఉండేది. పాత రోజుల్లో ఒక్కో కంపెనీ తెలుగు ఫాంటుకు ఒక్కో లెక్క. ఇక్కడ 'పొదుపు' అని టైపు చేసి పంపితే, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చి గీతలు కనిపించేవి. ఫైలు చేరినా మాట చేరనట్టే. మన పాత నివేదికలు కొన్ని ఇప్పటికీ అట్లా తెరుచుకోకుండా పడి ఉన్నాయి. ప్రపంచ భాషలన్నిటికీ ఒకే లెక్క పెట్టిన యూనికోడ్‌లో తెలుగు 1991లో వచ్చిన మొదటి కూర్పు నుంచే ఉంది. అది ఇళ్లల్లోని కంప్యూటర్లలోకి దిగడానికి మాత్రం ఏళ్లు పట్టింది. 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియా మొదలైంది. తెలుగువాళ్లు ఇళ్లల్లో కూర్చుని తమ ఊరి గురించి, తమ పంటల గురించి తెలుగులోనే ఎక్కించే చోటు ఏర్పడింది. కొత్తగా టైపు చేసే ప్రతి కాగితం యూనికోడ్‌లోనే ఉండాలని మనం పట్టుబట్టేది అందుకే.

ఎక్కించింది ఎల్లకాలం ఉంటుందా?

ఉండదు. చీటీ వచ్చాక కూడా ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. 1990లలో జియోసిటీస్ అనే చోట లక్షల మంది తమ సొంత పేజీలు, ఫొటోలు ఉచితంగా ఎక్కించుకున్నారు. 1999లో దాన్ని యాహూ కొన్నది. 2009లో అమెరికాలో మూసేసింది. కొందరు ఔత్సాహికులు పరుగెత్తి కాపీ చేసి దాచినవి మిగిలాయి, మిగతావి పోయాయి. 2019లో మైస్పేస్ అనే ఇంకో సంస్థ, సర్వర్లు మార్చడంలో పాత ఫొటోలు, వీడియోలు, పాటలు పోయాయని ఒప్పుకుంది. తమ పాటకు వేరే ప్రతి పెట్టుకోని గాయకులు ఎందరో.

పక్కింట్లో దాచిన గింజలు మన గాదెలో గింజలు కావు. పైన ఎక్కించింది ఒక ప్రతి మాత్రమే. అసలు మన దగ్గర ఉండాలి.

ఇంకొకటి పాస్‌వర్డ్ సంగతి. పాత ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ దాపరికం లేకుండా తీగ మీద పోయేది. దారిలో కాపు కాసినవాడు చదవగలిగేవాడు. 1995లో ఫిన్లాండ్‌లో ఒక విశ్వవిద్యాలయంలో పాస్‌వర్డ్‌లు అట్లా దొంగిలిస్తే, తాతు ఇలోనెన్ అనే ఆయన అన్నిటినీ రహస్య లిపిలో పంపే పద్ధతి తయారుచేశాడు. ఇవాళ తీగ మీద తాళం ఉంది. గోడ మీద, పుస్తకం అట్ట మీద పాస్‌వర్డ్ రాసుకునే మన అలవాటుకే తాళం లేదు.

ఈ ఏడు మనం చేసుకున్న తీర్మానాలు

ఈ సంగతులన్నీ సమావేశంలో చదివి వినిపించాక ఈ కింది తీర్మానాలు చేసుకున్నాం. ప్రతి సంఘం తమ పుస్తకంలో ఎక్కించుకోవాలి.

1. ఫైలు ఎక్కించాక వచ్చే నంబరు గాని, 'అందింది' అనే సందేశం గాని రిజిస్టరులో రాయాలి. అది లేకుండా 'పంపాం' అని తీర్మానం పుస్తకంలో రాయకూడదు.

2. ఎక్కించిన ఫైలును ఇంకో ఫోన్లో గాని కంప్యూటర్లో గాని తెరిచి చూడాలి. పేజీలన్నీ ఉన్నాయా, తెలుగు సరిగ్గా కనిపిస్తుందా చూసి రెండో మనిషి సంతకం పెట్టాలి.

3. చివరి తేదీకి కనీసం మూడు రోజులు ముందే పంపాలి.

4. అసలు కాగితం సంఘంలో, ఒక ప్రతి కంప్యూటర్లో, ఇంకో ప్రతి పెన్‌డ్రైవ్‌లో సమాఖ్య కార్యాలయంలో ఉండాలి.

5. పాస్‌వర్డ్ గోడల మీద, అట్టల మీద రాయకూడదు. ఓటీపీ ఎవరడిగినా చెప్పకూడదు.

6. ఇంట్లో కంప్యూటర్ మీద సంఘం పని చేసే బుక్‌కీపర్‌కు నెట్ ఖర్చు సంఘమే ఇవ్వాలి.

ఆరో తీర్మానం గురించి ఒక మాట. ఇన్నాళ్లూ కంప్యూటర్ ఆమెది, కరెంటు ఆమెది, నెట్ ఆమెది, రాత్రి నిద్రా ఆమెదే. తప్పు జరిగినప్పుడు మాత్రం సంఘం అంతా అడిగింది. ఆ చెల్లెలు రెండు వారాలు సమావేశానికి రాలేదు. మేమే ఇంటికి వెళ్లి పిలుచుకొచ్చాం. అది కూడా ఈ నివేదికలో ఉండాలని రాస్తున్నాం.

ఆ సంఘం ఫైలు మళ్లీ పంపాం. తర్వాతి విడతలో డబ్బు పడింది. విత్తనాలకు బయట కట్టిన వడ్డీ మాత్రం తిరిగి రాలేదు. రిజిస్టరులో ఇప్పుడు కొత్తగా ఒక గడి గీశాం. దానికి 'చీటీ నంబరు' అని పేరు పెట్టాం. అందులో మొదటి అంకె రాసిన రోజు పెద్దమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చూపించాం. "ఇదేనా చీటీ?" అంది. ఇదే అన్నాం. వేలు పెట్టి ఒక్కొక్క అంకె లెక్కపెట్టి, పుస్తకం మూసి లోపల పెట్టమంది.